పడిపోయే ఎలుగుబంటి

పిల్లలు ఆవిడకి పెట్టుకున్న పేరు 'మళ్ళీ టీచర్'. ఎవరి లెక్క తప్పినా తిట్టదు, కొట్టదు. "మళ్ళీ చెయ్యి" అంటుంది, అంతే. భౌతికశాస్త్రం పేరుతో ఏళ్ల తరబడి నల్లబల్ల మీద బాణాలు గీసి గీసి, పిల్లల ఆవులింతలు చూడలేక, అన్నగారి కొడుకును బతిమాలి కంప్యూటర్లో బొమ్మల కథలు కట్టడం నేర్చుకుంది. "ఈ వయసులో బొమ్మలాటలేమిటే" అని భర్త ఏడిపించేవాడు. ఆవిడ పట్టించుకుంటేగా!

పిల్లలకు బాగా నచ్చింది ఎలుగుబంటి కథ. నాన్న ఎలుగు గోడకు వేసిన నిచ్చెనెక్కి చందమామకు రంగు వేయాలి. నిచ్చెన ఎంత వాలుగా ఉండాలో, నేల తడో పొడో, కింద ఎవరు పట్టుకోవాలో, వాళ్ల బరువెంతో పిల్లలే టాబ్లెట్ మీద వేలితో జరిపి చెప్పాలి. కుదిరితే చందమామ మెరుస్తుంది. కుదరకపోతే ఎలుగు ధబేలున పడుతుంది, రంగు డబ్బా నెత్తిన బోర్లాపడుతుంది. తరగతంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంది. ఆపైన 'మళ్ళీ' అనే మీట.

చివరి బల్ల మీద, కొత్తగా చేరిన పిల్ల మాత్రం నవ్వదు. రోజూ ఒకే రకంగా పెడుతుంది: నిచ్చెన కాళ్లు గోడకు బాగా దూరంగా, నేల తడిగా, కింద పట్టుకున్నది పిల్ల ఎలుగు. నాన్న ఎలుగు పడుతుంది. మళ్ళీ నొక్కుతుంది. మళ్ళీ పడుతుంది. కాస్త దగ్గరకు జరపవే తల్లీ అన్నా వినదు.

ఒకరోజు బడి వదిలాక కూడా అదే పని. టీచరు ఇక చూడలేకపోయింది. తన కంప్యూటర్లో కథ లోపలి లెక్క తెరిచింది. నేల రాపిడి అంకె రవ్వంత పెంచితే ఎలుగు నిలబడుతుంది, పిల్ల ఒక్కసారైనా నవ్వుతుంది. కథలో ఎన్ని అబద్ధాలైనా ఆడతాను, లెక్కలో ఒక్కటీ ఆడనని గొప్పలు చెప్పుకునే మనిషి. అయినా చెయ్యి ఆ అంకె మీదకు వెళ్ళింది.

"టీచర్, పిల్ల ఎలుగు గట్టిగానే పట్టుకుందిగా?"

"పట్టుకుందమ్మా."

"మరెందుకు పడుతోంది?"

"నేల తడి, వాలు మరీ ఎక్కువ. అంత బరువు జారితే చిన్నపిల్ల ఆపలేదు."

"దానికి నా బరువే పెట్టాను. వాలు కూడా ఆ రోజులాగే." పిల్ల నిచ్చెన బొమ్మ మీద వేలు పెట్టింది. "మా నాన్న గోడలకి రంగులేసేవారు. నన్ను నిచ్చెన పట్టుకోమన్నారు. బయట ఎవరో పిలిస్తే వదిలేసి వెళ్ళాను. వచ్చేసరికి పడిపోయి ఉన్నారు. ఇంక లేవలేదు."

టీచరు చెయ్యి వెనక్కి తీసుకుంది. అంకె మార్చి ఉంటే ఎలుగు నిలబడేది. నువ్వు పట్టుకుని ఉంటే నాన్న బతికేవాడని ఈ పసిదానికి తన చేత్తో తానే చెప్పినట్టయ్యేది. కంప్యూటర్ మూసేసి, వచ్చి పక్కన కూర్చుంది.

"నువ్వు పట్టుకున్నా పడేవారేనమ్మా."

"ఇది కూడా కథేనా టీచర్?"

"కాదు. ఇది లెక్క."

పిల్ల మరోసారి నొక్కింది. ఎలుగు పడింది. అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. టీచరు ఓదార్చబోలేదు, ఏడవనిచ్చింది.

చాలాసేపటికి పిల్ల మొహం తుడుచుకుంది.

"అమ్మ నన్నేమీ అనదు టీచర్. నా వైపు చూడదు, అంతే. ఇది అమ్మకి కూడా ఒక్కసారి చూపిస్తారా?"