ఎక్స్‌రే కోడలు

మా అత్తమ్మ పోయిన వార్త అందరికన్నా ఆలస్యంగా తెలిసింది నాకే. ఫోన్లు బయట వదిలి లోపలికి వెళ్లాల్సిన ప్రయోగశాలలో నా ఉద్యోగం. సాయంత్రం బయటికొచ్చి చూసుకుంటే సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న అత్తగారి ఊరు కోంటా నుంచి మా ఆయన చేసిన కాల్స్ వరసగా ఉన్నాయి. పొద్దున కిరాణా కొట్టు తలుపులు తీస్తూ కూలబడిందట.

హైదరాబాదులో నేను పనిచేసేది ఎక్స్‌రేలతోనే. కానీ అవి మనుషులకు తీసేవి కావు. కెపాసిటర్లలో మెల్లగా విద్యుత్తు నింపి, ఒక స్విచ్ గుండా రెప్పపాటుకన్నా ఎంతో తక్కువ సమయంలో వదిలేస్తాం. అప్పుడు పుట్టే ఎక్స్‌రే మెరుపును ఉపగ్రహాల్లో పెట్టే సర్క్యూట్ల మీద పడేసి, అవి తట్టుకుంటాయో లేదో చూస్తాం. ఆ స్విచ్ అనుకున్న క్షణానికే పనిచేసేలా చూడటం నా బాధ్యత.

పెళ్లయిన కొత్తలో ఇదంతా అత్తమ్మకు చెప్పాను. చింతపండులో గింజలు తీస్తూ శ్రద్ధగా విన్నది.

"అంటే మిషన్లకు సుత జబ్బులు చూస్తవన్నట్టు. మంచి పనే బిడ్డా!"

ఇక బజారంతటికీ నేను ఎక్స్‌రే కోడలినైపోయాను. సెలవులకు వెళ్లినప్పుడల్లా, వారపు సంతకు వచ్చిన పల్లెవాళ్లు ఎవరో ఒకరు ఫిల్ము కవరు పట్టుకుని కొట్టు ముందు కూర్చుని ఉండేవారు. నేను డాక్టర్ని కాదని చెప్పి పంపేసేదాన్ని. లోపలికొచ్చి అత్తమ్మ మీద విసుక్కునేదాన్ని.

"తెల్వకుంటే తెల్వదని చెప్పు. కోపమెందుకే? ఆళ్లకు ఆసుపత్రంటేనే బుగులు. పొమ్మని చెప్పెటోళ్లు ఒకరుండాలె గదా," అనేది.

దినాల నాడు ఒక నడివయసు ఆమె భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. బుట్టలో తెచ్చిన సారపప్పు గుమ్మంలో పెట్టి నా చేతులు పట్టుకుంది.

"నువ్వే గదా కోడలమ్మా? అమ్మ ఈయన ఫిల్ము ఫోన్ల పంపితే, ఎంబడే భద్రాచలం తీస్కపొమ్మన్నవంట. నువ్వు జెప్పినవంటేనే కదిలిండు. లేకుంటే మనిషి దక్కకపోతుండె."

నాకు ఏ ఫిల్మూ రాలేదు. మా ఆయన వైపు చూశాను.

"అమ్మే కొట్టు మూసి వాళ్లను తీసుకపోయింది," అన్నాడు మెల్లగా. "నీ పేరు చెప్తే నమ్ముతరని. నీతో చెప్పొద్దన్నది, తిడతావని."

తిడతావని. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ పుణ్యం నాది కాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె అంతలోనే, వెనక నక్కి ఉన్న, తనకన్నా చాలా చిన్నదైన చెల్లెల్ని ముందుకు లాగింది.

"దీనికి ఒకటే దగ్గు. ఆసుపత్రికి రానంటది. నువ్వన్న జెప్పు."

నిజం చెబితే ఆ పిల్ల కదలదు.

"పోవాలె," అన్నాను. "నేనూ వస్త."

మర్నాడు భద్రాచలంలో, ఎక్స్‌రే గది ముందు, మెడలోవి తీసేయమన్నారు. ఆ పిల్ల బెదురుతూనే పూసల దండలు ఒక్కొక్కటీ తీసి నా దోసిట్లో పెట్టింది. తలుపు మూసుకుంది. పూసలింకా వెచ్చగా ఉన్నాయి.