మనిషి కొడితేనే పోయే ప్రాణం

2011లో, తెలంగాణ కోసం ఊరూరా రోడ్ల మీద వంటావార్పులు నడుస్తున్న రోజుల్లో, మా కంపెనీ నన్ను మూడు పట్నాల డ్యూటీ మీద పంపింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. అప్పటికి మూడూ ఒకే జిల్లా. అక్కడి నెట్ సెంటర్లలో మా ఆట ఆడేవాళ్లు బాగానే ఉండేవారు. వాళ్ల పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడిగి రావాలి: ఆటలో చావు శాశ్వతంగా ఉండాలా, వద్దా? నన్నే ఎందుకు పంపారంటే, మాది లింగాల ఘనపూర్ పక్క. "వాళ్ల భాష మీకైతేనే అర్థమవుతుంది" అని మా మేనేజర్ నవ్వాడు. ఆ నవ్వుకు ఒళ్లు మండింది కానీ, నోరు మూసుకుని బస్సెక్కాను.

నా హోదా గేమ్ మాస్టర్. ఇంటర్నెట్‌లో వేలమంది తలా ఒక పాత్ర కట్టుకుని ఆడే ఆటలో, కంపెనీ తరఫున ఫిర్యాదులు విని పంచాయితీ తీర్చే ఉద్యోగం. ఎవరికీ కనిపించకుండా ఎక్కడైనా నిలబడగలను, కొట్లాటలో మాత్రం వేలు పెట్టరాదు. ఆటగాళ్లు ఒకరినొకరు కొట్టుకోవడాన్ని పీవీపీ అనేవాళ్లం. మామూలు సర్వర్‌లో, అంటే అందరూ ఆడే ఆటలోకంలో, చచ్చినవాడు కాసేపటికి లేచి కూర్చుంటాడు. మేం పరీక్షకని పెట్టిన కొత్త సర్వర్‌లో అట్లా కాదు. మృగం కొడితే గాయమే. మనిషి కొడితే పోయినట్టే. మళ్లీ మొదటి మెట్టు, అంటే మొదటి లెవెల్, నుంచి కొత్త పాత్రతో రావాలి. ఆ కొత్తవాళ్లను వేటాడకుండా, వాళ్ల ఊళ్లోకి పెద్ద మెట్టువాళ్లను రానిచ్చేవాళ్లం కాదు. ఒక మనిషికి ఒకటే పాత్ర. దాన్ని తనంతట తాను చెరిపేసుకునే వీలు లేదు.

జనగామలో సంపత్ అని డిగ్రీ పిల్లగాడు దొరికాడు. పొద్దున ర్యాలీలు, మధ్యాహ్నం ఆట. బయట ఎంత నిమ్మళమో, ఆటలో అంత మొండి, కంటబడ్డవాణ్ణి వదిలేవాడు కాదు. "భయం లేకుంటె గదేం ఆట మేడం? సచ్చుడుంటెనే బతుకుడు తెలుస్తది" అన్నాడు. చావు ఉండాల్సిందే అని రాసుకున్నాను.

మహబూబాబాద్ పోయేసరికి నెట్ సెంటర్ కౌంటర్‌లో కూర్చున్న కవిత నా కోసమే కాచుకుని ఉంది. గూడూరు దగ్గరి పల్లె ఆమెది. భర్త రవి మస్కట్‌లో కూలి పని. అతనికి శుక్రవారం సెలవు. ఆ రోజు ఇద్దరూ ఆటలో కలిసేవాళ్లు. వాళ్లు కలిసే చోటు ఏటి పక్కన ఎత్తయిన గుట్ట, పెద్ద మెట్టువాళ్లే ఎక్కగలరు. పాత సర్వర్‌లో జనం గోల ఎక్కువైందని, ఖాళీగా ఉంటుందని పెంచుకున్న పాత్రలతోనే ఏరికోరి ఈ చావు సర్వర్‌కు వచ్చారట. నేను నెత్తి కొట్టుకున్నాను.

"ఫోన్‌ల ఏమున్నదక్కా? తిన్నవా, పన్నవా, గంతే. ఆటలనైతె పక్కపొంటి నడుస్తం. నేనురికితె ఆయన ఉరుకుతడు" అంది.

ముందు రోజు శుక్రవారం, మహబూబాబాద్ బంద్. సెంటర్ షట్టర్ లేవలేదు. సంగతి తెలియని రవి గుట్ట మీద ఆమె కోసం చూస్తూ నిలబడ్డాడు. అటుగా వచ్చిన సంపత్ కొట్టి పడేశాడు. ఇప్పుడు రవి కొత్త పాత్రతో మొదటి ఊళ్లో ఉన్నాడు. ఆమె పాత్రది పెద్ద మెట్టు కాబట్టి అక్కడికి పోయే వీలు లేదు. వారానికి ఒక్కరోజు ఆడేవాడు గుట్ట ఎక్కి రావాలంటే ఏడాది పైమాటే. మస్కట్ నుంచి అతను వచ్చేదెప్పుడో అతనికే తెలియదు.

"బంద్ నాది గూడ. తెలంగాణ వద్దంటనా నేను? కని ఆయన నా కోసం నిలవడి సచ్చిండక్కా. జర లేపరాదు, నీ చేతుల పనేనట గదా!"

నా చేతిలో పని కాదు. ఫిర్యాదు రాసి, లేపితే బాగుంటుందని నా మాట కలిపి పైకి పంపాను. విచారణ తేలేదాకా ఆ గుట్టను తాళం వేసినట్టు ఉంచాలి, జనం వచ్చిపోవచ్చు కానీ, అక్కడున్న వస్తువు ఏదీ కదలకూడదు, తుడిచివేయకూడదు. అది మా పద్ధతి. తాళం వేసి భూపాలపల్లి బస్సెక్కాను.

అక్కడ ఐలన్న బొగ్గుగని కార్మికుడు, షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చి ఆడేవాడు. "సావు పెడ్తె పెట్టుండ్రి. కని సచ్చినోనికి మర్యాద గావాలె" అన్నది అతని అభిప్రాయం. ఆ సర్వర్‌లో ఎవరు పోయినా మూడో రోజు పిట్టకు పెట్టే అలవాటు ఇతను మొదలుపెట్టిందే. చనిపోయినవాళ్లకు ఇష్టమైనవి వండిపెట్టి కాకి కోసం చూస్తాం కదా, ఆటలోనూ అట్లాగే, పోయిన చోట రొట్టె, మాంసం పెట్టేవాళ్లు. తెల్లారేసరికి అవి మాయమయ్యేవి. నిజానికి కింద పడ్డ వస్తువులన్నిటినీ సర్వర్ పొద్దున్నే ఊడ్చేస్తుంది. వీళ్లు మాత్రం పిట్ట ముట్టిందని తృప్తిపడేవాళ్లు.

రవి పాత్రకు పెట్టిన రోజు నేను ఐలన్న పక్కనే ఉన్నాను. కవితకు తెలిసి ఆటలోనే అందుకుంది. "నా పెనిమిటి బతికుండంగ పిట్టకు పెడ్తరా, మీ నోట్ల మన్ను పడ!" ఐలన్న తడబడి, "మనిషికి కాదు బిడ్డా, ఆటల పోయినోనికి" అని రాశాడు. సంపత్ కూడా వచ్చి ఒక రొట్టె పెట్టాడు.

మర్నాడు చూస్తే రొట్టెలు ఎక్కడివక్కడే. నేను వేసిన తాళం వల్ల ఊడవలేదు. ఆ మాట చెబుదామనుకునేలోపే ఐలన్న పరేషాన్ అయిపోయాడు. "ఏదో కోరిక మిగిలింది. ఇంటోళ్లు మాటియ్యాలె, అప్పుడే పిట్ట ముడ్తది." తిట్టిపోసిన కవితే వచ్చింది. గుట్ట మీద నిలబడి ఒకే మాట రాసింది: "నేనే నీ దగ్గరికొస్త."

సాయంత్రానికి పైనుంచి జవాబు వచ్చింది. ఒకరిని లేపితే అందరినీ లేపాలి, కుదరదు. ధర్మంగా చూస్తే అది సరైన నిర్ణయమే. అయినా నాకు ఏడుపొచ్చింది. విచారణ ముగిసింది కాబట్టి తాళం తీశాను. తెల్లారి రొట్టెలు లేవు. పిట్ట ముట్టిందని ఐలన్న సంబురపడ్డాడు. ఊడ్చే సంగతి నేనిక ఎత్తలేదు.

శుక్రవారం మళ్లీ మహబూబాబాద్‌లో ఉన్నాను. కవిత సెంటర్‌లో నా పక్క కుర్చీలోనే కూర్చుని ఆటలో సంపత్‌ను వెతికి పట్టుకుంది. కవచం తీసేసింది. కత్తి కింద పెట్టింది.

"కొట్టన్నా."

"ఊకె నిలవడ్డ మనిషినెట్ల కొడ్త చెల్లె?"

"మొన్న ఆయన గూడ నిలవడే ఉండె గదనే."

నేను కనిపించకుండా వాళ్ల మధ్యలోనే ఉన్నాను. ఇద్దరికీ ఇష్టమైన కొట్లాటను ఆపే అధికారం నాకు లేదు, ఆపాలనీ అనిపించలేదు. చివరికి కొట్టాడు. కవిత చెయ్యి నా మణికట్టు మీద బిగుసుకుంది. రెండేళ్లు పెంచుకున్న పాత్ర మరి.

కాసేపటికి మొదటి ఊళ్లో, చింపిరి బట్టల్లో, కవిత కొత్త పాత్ర లేచింది. బావి దగ్గర అట్లాగే చింపిరి బట్టల్లో ఇంకొకడు నిలబడి ఉన్నాడు. ఆమె ఉరికింది. అతనూ ఉరికాడు. కవిత తెర మీద నుంచి కళ్లు తిప్పకుండానే నవ్వుతూ, ఏడుస్తూ కూర్చుంది.

నేను వచ్చిన పని మిగిలే ఉంది. శాశ్వతమైన చావు ఉండాలా, వద్దా అని ఆమెనూ అడిగాను.

"ఉండనీయక్కా. లేకుంటె నేనెట్ల పోదును ఆయన దగ్గరికి?"

హైదరాబాద్ తిరిగి వచ్చి లెక్క అప్పజెప్పాను. కవిత సమాధానం "ఉండాలి" అన్నవాళ్లలో చేరింది, సంపత్ మాట పక్కనే. చావును జనం ఇష్టపడుతున్నారని పైవాళ్లు సంతోషించారు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ఆటగాడు చావు ఉండాలన్నా వద్దన్నా, ఎందుకని అడగకుండా నేను ఎవరి అభిప్రాయమూ పైకి పంపలేదు.