అంచులమ్మ చెంప

మా అత్తని పనిచోట అందరూ అంచులమ్మ అంటారు. నన్ను మెషినమ్మ అంటారు. మాసిపోయి, గీతలు పడ్డ పాత పాలరాతి నేలలకి మళ్ళీ మెరుపు తేవడం మా ఇద్దరి పని. గది మధ్యలో పెద్ద మెషిన్‌ని నేను తిప్పుతాను. గోడల వెంబడి ఆ మెషిన్ చేరలేని జానెడు మేర ఆవిడది. మోకాళ్ళ కింద గోనెగుడ్డ మడిచి వేసుకుని, చేత్తో రాయి పట్టుకుని, నీళ్ళు చిలకరించుకుంటూ ఇరవయ్యారేళ్ళుగా రుద్దుతూనే ఉంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని తెలిసినవాళ్ళంతా అంటారు, అబద్ధమేం కాదు. ఆవిడ తన కోపాన్ని ఎక్కడ దాచిందో మాత్రం పెళ్ళయి పన్నెండేళ్ళయినా నేను కనిపెట్టలేకపోయాను.

జానెడే కదా అని తీసిపారేయకండి. మా పరువంతా ఆ జానెడులోనే ఉంటుంది. మెషిన్ రుద్దిన మేరా చేయి రుద్దిన మేరా కలిసే గీతని మేం అతుకు అంటాం. అతుకు కనబడిందంటే గదంతా అద్దంలా మెరుస్తున్నా ఇంటివాళ్ళ కళ్ళు సరిగ్గా అక్కడే పడతాయి. మా అత్తకి అది కంటికి కనబడకపోతే చాలదు, వేళ్ళకీ తెలియకూడదు. కళ్ళు మూసుకుని నాలుగు వేళ్ళూ నేల మీద ఆనించి, మధ్య నుంచి గోడ వైపుకి మెల్లగా జరుపుకుంటూ వెళ్తుంది. ఎక్కడో ఆగి, "ఇక్కడుంది" అంటుంది. నా కంటికి ఆనదు, చేతికి అందదు. ఆవిడ మాత్రం మళ్ళీ రాయి అందుకుంటుంది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడే నన్ను పనిలోకి తీసుకెళ్ళింది. మా ఆయన వ్యాను నడుపుతాడు, పొద్దున్నే మమ్మల్నీ మెషిన్నీ దింపేసి తన పని మీద తను పోతాడు. మొదటి రోజే మా అత్త, "నిలబడి చేసేది నువ్వు చెయ్యి, కూర్చుని చేసేది నేను చేస్తా" అని తేల్చేసింది. ఆహా, సుఖంగా కూర్చునే పని తను ఉంచుకుని, బండలాంటి మెషిన్ నాకు అంటగట్టిందని మా అమ్మకి ఫోన్ చేసి మరీ ఏడ్చాను. ఆ తర్వాత ఒకసారి ఆవిడ జ్వరంతో పడుకుంటే ఒక్క పూట అంచులు నేను చేశాను. సాయంత్రం మోకాళ్ళు నిటారుగా చాపలేక గోడ పట్టుకుని లేచాను. ఆ రోజు నుంచి మా అమ్మ దగ్గర ఆ మాట ఎత్తలేదు.

ఆవిడ కష్టం తగ్గిద్దామనే ఆరేళ్ళ కిందట నేనే పట్టుబట్టి చేత్తో పట్టుకునే గ్రైండర్ ఒకటి కొన్నాను. మొదటి బరక రుద్దుడంతా దాంతో చేసి, చివరి నునుపు మాత్రం చేత్తో తెచ్చేది. పని సగానికి సగం తగ్గింది. నేనెంత తెలివైనదాన్నో అని నా వీపు నేనే తట్టుకున్నాను.

ఈ మధ్య ఆవిడలో చిన్న చిన్న తేడాలు మొదలయ్యాయి. తీగ మీద బట్టలు ఆరాయో లేదో చూడమని నన్ను పిలిచేది. "చేతులు లేవా నీకు? పట్టుకుంటే తెలియదా?" అని ఒకసారి కసిరాను. మా పాపకి ఒళ్ళు వెచ్చబడితే ఇదివరకు వేళ్ళ వెనక వైపు నుదుటికి ఆనించి చూసేది కాస్తా, ఇప్పుడు తన చెంప ఆనించి చూసేది. వయసు మీద పడే కొద్దీ మనవరాలి మీద ముద్దు ఎక్కువవుతోందని నవ్వుకున్నాను. నా కళ్ళు ఏం చేస్తున్నాయో అప్పుడు!

ఇంతలో మాకు పెద్ద పని తగిలింది. ఒక పాత గ్రంథాలయం. చదువుకునే హాలు, రెండు వరండాలు, గోడల పొడవు చూస్తేనే కళ్ళు తిరిగాయి. ఇక అంచులకి మంచి మెషిన్ కొనాల్సిందేనని నేను కూర్చున్నాను. మెషిన్ల షాపతను ఒకటి చేతిలో పెట్టి, ఒక్కరోజు వాడి చూసుకోమన్నాడు. మా గ్రైండర్ లాంటిదే, కాకపోతే దానికి రెట్టింపు స్పీడు. రోజంతా పట్టే గోడని మా అత్త మధ్యాహ్నానికల్లా లాగించేసింది. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇదే ఖాయం చేసేద్దామని భోజనం చేస్తూనే నిర్ణయించేసుకున్నాను.

చేయి కడుక్కుని హాల్లోకి వచ్చేసరికి మా అత్త గోడ వారన నేల మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. ఒళ్ళు మండింది నాకు.

"బాగుందత్తా! మనల్ని నమ్మి ఇంత హాలు అప్పజెప్పారు, నడుం వాల్చడానికి ఇదేనా చోటు? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

ఆవిడ తీరిగ్గా లేచి కూర్చుంది. చెంప మీద తెల్లటి రాతిపొడి అంటుకుని ఉంది. "నడుం వాల్చలేదే అమ్మాయ్. అతుకు చూస్తున్నా" అంది.

"చెంపతోనా?"

"వేళ్ళకి తెలియట్లేదు."

అంత మామూలుగా చెప్పింది, ఉప్పు అయిపోయిందన్నట్టుగా. ఆవిడ చేయి పట్టుకుని చూశాను. వేళ్ళ చివర్లు సున్నం రాసినట్టు తెల్లగా, చల్లగా ఉన్నాయి. నేను గట్టిగా నొక్కాను. ఆవిడ నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది, నేను నొక్కుతున్నానని తెలియక.

"ఎప్పట్నించి ఇది?"

"పోయిన వానల్నించి కాస్త కాస్తగా. కుడి చెయ్యి బాగా ఎక్కువ."

"నాతో చెప్పాలని తోచలేదా?"

"చెబితే ఇంట్లో కూర్చోబెడతావు. ఇంట్లో నాకేం అంచులున్నాయి?"

తీగ మీద బట్టలు, పాప నుదురు, నేను కసిరిన కసురు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. పని ఆపి అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఆయన ఆవిడ వేళ్ళని ఒక్కొక్కటే సూదితో గుచ్చి చూశాడు. ఏళ్ళ తరబడి అదిరే మెషిన్ పట్టుకోవడం వల్ల నరాలు దెబ్బతిన్నాయన్నాడు. అది మానకపోతే మిగిలిన కాస్త స్పర్శా పోతుంది, మానితే కొంత తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు. ఆ గ్రైండర్ కొన్నది నేనే. ఆ మాట డాక్టరుతో నేను అనలేకపోయాను. ఆవిడా అనలేదు, బయటికి వచ్చాక నా చేయి మాత్రం వదల్లేదు.

మర్నాడు ఇద్దరం షాపుకి వెళ్ళాం. షాపతను మంచి మాటకారి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "ఎంత స్పీడులో కావాలమ్మా?" అన్నాడు.

"స్పీడు వద్దు బాబూ" అంది మా అత్త. "పొద్దంతా పట్టుకున్నాక కూడా నా చెయ్యి నాకే మిగిలేది కావాలి."

అతను కళ్ళజోడు దించుకుని మమ్మల్ని వెనక్కి తీసుకెళ్ళాడు. షాపు వెనక మెషిన్లు పరీక్షించడానికి రాతిపలకలు పరిచి ఉన్నాయి. మా అత్త నా వైపు తిరిగి, "నా వేళ్ళు ఎలాగూ నిజం చెప్పవు, నీ చేతులియ్యి" అంది. తలకి కట్టుకున్న గుడ్డ అంచు నుంచి ఒక ఎర్ర దారం పీకింది. దానికి ఒక ముడి వేసింది. మెషిన్ ఐదు నిమిషాలు నడిపి ఆపగానే నేను కళ్ళు మూసుకుని అరచేయి చాపాలి. దారం పెట్టిందో లేదో, ముడి ఎక్కడుందో చెప్పాలి. ఎన్ని మెషిన్లు కొన్నాం, ఇలాంటి పరీక్ష ఒక్కదానికీ పెట్టిన పాపాన పోలేదు.

మొదట ఆ స్పీడుదే పట్టాను. ఆపి కళ్ళు మూసుకున్నాను. చేయంతా చీమలు పాకుతున్నట్టు జివ్వుమంటోంది.

"ఏం పెట్టాను?"

"ఇంకా ఏం పెట్టలేదుగా."

కళ్ళు తెరిస్తే ఎర్ర దారం అరచేతి మధ్యలో అడ్డంగా ఉంది. నా చేయి నాది కానట్టు దాని వంక అలా చూస్తూ నిలబడ్డాను. "నీకు కాసేపట్లో పోతుందిలే" అంది ఆవిడ, నన్ను ఓదారుస్తున్నట్టు. నాకు కాసేపట్లో పోయేది ఆవిడకి రోజంతా ఉంటోందని, అది మాటల్లో కాకుండా నా ఒంటికి తెలిసింది అప్పుడే.

చేయి మామూలయ్యేదాకా ఆగి, రెండోది పట్టాను. రెండు పిడులున్నది, ఒళ్ళో పిల్లాడిలా హత్తుకుని నడపాలి. దారం తెలిసింది, ముడి తెలియలేదు. మా అత్త తల అడ్డంగా ఊపింది.

షాపతను మూడోదాన్ని చూపించనేలేదు. మూలన దుమ్ము కొట్టుకుపోయి ఉంటే మా అత్తే వెళ్ళి దాని మీద గుడ్డ తీసింది. కింద నాలుగు చక్రాలు, నేలకి ఆనుకుని మోటారు, పక్కకి పొడుచుకొచ్చిన రుద్దుడు బిళ్ళ, నడుం ఎత్తున పిడి. పిడికీ మోటారుకీ మధ్య మందపాటి రబ్బరు దిమ్మలు. "అది బాగా నిదానం అమ్మా, ఎవరూ అడగరు. నునుపు దాకా తేవాలంటే ఒక గోడకి వారం పడుతుంది" అన్నాడతను. ఈవిడ చెవిన వేసుకోలేదు. ముందు దాన్ని గోడకి ఆనించి చూసింది. గోడకీ బిళ్ళకీ మధ్య గోరంత సందు మిగిలింది. ఫర్వాలేదన్నట్టు నాకు సైగ చేసింది.

ఐదు నిమిషాలు నడిపాను. ముందుకి తోస్తే తీరిక ఉన్నప్పుడు కదులుతుంది, ఆపితే ఆలోచించి ఆగుతుంది. కళ్ళు మూసుకున్నాను.

"దారం. బొటనవేలి వైపు ముడి ఉంది. పక్కనే ఇంకో ముడి."

"ఒకటే వేశానే."

"రెండున్నాయి. నువ్వే చూడు."

ఆవిడ దారాన్ని కంటి దగ్గర పెట్టుకుని చూసింది. నిజంగానే రెండున్నాయి, ఒకటి తెలియకుండా పడింది. ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను, షాపతనికి ఏమీ అర్థంకాక తనూ నవ్వాడు.

"దీన్ని పట్టుకోవాలంటే వంగక్కర్లేదా?" అని అడిగింది.

"వంగితే అందదమ్మా, నిలబడే నడపాలి" అన్నాడు. "కాకపోతే బిళ్ళ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి మూలలకి పోదు. మూలలు చేత్తోనే చేసుకోవాలి."

మా అత్త నేల మీద కూర్చోవడానికి అలవాటుగా అటూ ఇటూ చూసింది. వెంట తెచ్చుకున్న గోనెగుడ్డ ఎక్కడ పెట్టిందో అని. ఆ గుడ్డని నేను అందుకుని నా భుజాన వేసుకున్నాను. "నిలబడి చేసేది నువ్వు చెయ్యి, కూర్చుని చేసేది నేను చేస్తా" అన్నాను. ఆవిడ మొహం పక్కకి తిప్పుకుని మెషిన్ మీద దుమ్ము తుడవసాగింది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది.

దానికి వియ్యపురాలు అని పేరు పెట్టింది. తొందరపెడితే అలుగుతుంది, మర్యాదగా చూసుకుంటే పని జరుగుతుంది అని. ఆ వియ్యపురాలి నడక చూసి హాల్లో నేను పళ్ళు నూరుకోని రోజు లేదు. వారానికి ఒక్క గోడ! కానీ మా అత్త నిలబడి ఉంది. ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి పని మధ్యలో కిటికీలోంచి బయటికి చూసింది. "వీధిలో ఇంత జనం తిరుగుతారా" అంది.

ఇక మూలలు నా పాలిట పడ్డాయి. మొదటి మూలకి మా అత్త వచ్చి, పడుకుని, చెంప ఆనించి, "ఇక్కడుంది" అంది. రుద్దాను. మళ్ళీ, "ఇక్కడుంది." ఐదోసారికి రాయి విసిరేసి, "నీ చెంపకి ఏదో జబ్బు చేసింది" అని అరిచాను. ఆవిడ రాయి ఏరుకొచ్చి నా చేతిలో పెట్టి, "వేళ్ళతో నొక్కకు, అరచేత్తో నడిపించు" అంది. ఆరోసారికి లేచి, ఏమీ అనకుండా వెళ్ళి వియ్యపురాలిని అందుకుంది. ఆవిడ ఏమీ అనకపోవడమే మా ఇంట్లో మెచ్చుకోవడం.

పని పూర్తవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆఖరి రోజు నేల కడిగి, ఆరబెట్టి, కిటికీలన్నీ తెరిచాం. ఆఖరి మూల దగ్గర మా అత్త పడుకుంది. కళ్ళు మూసుకుని చెంప మెల్లగా జరిపింది. తర్వాత, "రా, నువ్వూ పడుకో" అంది.

"నేనా? నాకేం తెలుస్తుంది?"

"రావే!"

పడుకున్నాను. ఇద్దరి మొహాలూ ఎదురెదురుగా, జానెడు దూరంలో ఉన్నాయి. రాయి చల్లగా, చెంపకి హాయిగా ఉంది. ఆవిడ చెప్పినట్టే కళ్ళు మూసుకుని చెంప జరిపాను, మధ్య నుంచి గోడ దాకా.

"ఏమైనా తెలుస్తోందా?"

"ఏం తెలియట్లేదత్తా."

"అదే" అంది. "నాకూ తెలియట్లేదు."

ఆ అనడంలో ఎంత సంతోషం ఉందో! సరిగ్గా అప్పుడే గ్రంథాలయం మేడం లోపలికి వచ్చి, మా ఇద్దర్నీ నేల మీద చూసి, "అయ్యో, ఏమైంది, ఎవరైనా నీళ్ళు తెండి!" అని కేక పెట్టింది. మా అత్త కళ్ళు తెరవకుండానే, "ఏం లేదమ్మా, అతుకు చూస్తున్నాం" అంది. మేడం మరి కాసేపు మమ్మల్ని చూసి, చెప్పులు విడిచి, మునివేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

నాకు నవ్వు రావాల్సింది, ఏడుపొచ్చింది. ఏడుపు బయటపడకుండా పళ్ళు బిగబట్టాను. మా అత్త అలా కళ్ళు మూసుకునే చేయి చాపి నా మొహం వెతికింది. వేళ్ళు నా చెంప మీద ఆగాయి.

"తడిగా ఉందేం?" అంది.

నేను కళ్ళు తెరిచాను. ఆవిడ కళ్ళు మూసే ఉన్నాయి. నేల ఆరి గంటయింది.

"ఏ వేలికి తెలిసింది?" అన్నాను.

ఆవిడ ఆలోచించింది. ఒక్కొక్క వేలే ఆనించి చూసుకుంది. చివరికి ఉంగరం వేలు ఒక్కటే నా చెంప మీద ఉంచింది.

"మళ్ళీ చూడత్తా" అన్నాను.

మళ్ళీ చూసింది.

"తడే" అంది.