రెండో టేకు ఇవ్వని గరగర గారు

నిప్పుని ఏ రోజున కనిపెట్టారో, మొదటి చక్రం ఏ పూట దొర్లిందో చరిత్రకారులు నేటికీ తేల్చలేకపోయారు. ఆ నాలుగంతస్తుల మేడలో పుక్కిలింత యుగం ఎప్పుడు ఆరంభమైందో మాత్రం నిర్వివాదంగా అందరికీ తెలుసు. పంతొమ్మిదేళ్ళ కిందట, రెండో అంతస్తు మూలవాటాలో ఇద్దరు మగవాళ్ళు సామాను దించుకున్న మర్నాడు, పొద్దున్న ఆరున్నరకి. ఇద్దరిలో పొట్టిగా ఉన్నాయన బాల్కనీలో నిలబడి, గోరువెచ్చని ఉప్పునీళ్ళు గొంతులో పోసుకుని, ఆకాశం కేసి మొహమెత్తి, ఏడు నిమిషాలు ఏకధాటిగా గరగరలాడించాడు. ఆనాటితో ఆ మేడలో అలారం గడియారాలు నిరుద్యోగులయ్యాయి. తర్వాత ప్రభుత్వాలు మారాయి, నీళ్ళ మోటారు ఆరుసార్లు కాలిపోయింది, ఆ గరగర మాత్రం ఒక్క పూట తప్పలేదు. జనం ఆయనకి ఆ పేరే ఖాయం చేశారు: గరగర గారు.

కూడు పెట్టేది గొంతు కనక దానికా సేవ. ఆయన డబ్బింగు చెబుతాడు. కొత్తలో గుంపులో అరుపులు, తర్వాత సబ్బుల ప్రకటనలు, ఆ పైన యుద్ధం సినిమాల్లో గుండు తగిలి మూలిగి పోయే సైనికులు. ఇంతవరకూ నూట నలభై మంది సైనికులు తన గొంతులోనే ప్రాణం వదిలారని లెక్క చెబుతాడు. పదకొండేళ్ళుగా మాత్రం కుదురైన పని ఒకటి దొరికింది. టీవీలో వారం వారం వచ్చే విదేశీ బొమ్మల హాస్య సీరియల్లో రొట్టెల కొట్టు గడ్డపాయనకి గొంతివ్వడం. ఆ గడ్డపాయనా, గొడుగులు బాగుచేసే పొడుగాయనా ఒకే ఇంట్లో ఉంటారు. ఎందుకుంటారని సీరియల్లో ఎవరూ అడగలేదు.

మేడలో కూడా ఎవరూ అడగకుండా గరగర గారు ముందే జాగ్రత్తపడ్డాడు. ఆయనతో పాటు ఆ వాటాలో ఉండేది గడియారాల మెకానిక్కు. మేడలో ఎవరెవరుంటారో రాసే రిజిస్టరులో, మెకానిక్కు పేరుకి ఎదురుగా 'సంబంధం' అన్న గడిలో, 'పినతండ్రి కొడుకు' అని ఉంది. మెకానిక్కుకి పిత్తాశయం ఆపరేషనప్పుడు ఆసుపత్రి కాగితాల మీదా అదే రాశాడు. పినతండ్రన్న వాడే లేని గరగర గారు, ఆ లేని పెద్దమనిషికి ఓ కొడుకుని ప్రసాదించి, పంతొమ్మిదేళ్ళు సాకాడు.

ఉపద్రవం సీరియల్ ఐదువందల పన్నెండో భాగంలో వచ్చిపడింది. అందులో జనాభా లెక్కలు రాసే ఉద్యోగి రొట్టెల కొట్టుకి వస్తాడు. వచ్చి పిండిలో జారి పడతాడు. లేచి, దులుపుకుని, "మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారు?" అంటాడు. గడ్డపాయన పొడుగాయన భుజం మీద చెయ్యేసి, "ఈయన నా మొగుడు. రాసుకో!" అంటాడు. ఆఖర్న ఇద్దరూ ఉంగరాలు మార్చుకుని, ముద్దు పెట్టుకుని, పిండిబస్తాల మధ్య చిందులేస్తారు. మాటల రచయిత ఉన్నదున్నట్టు తెలుగులో రాశాడు. డబ్బింగు స్టూడియో మేనేజరు ఎర్రసిరాతో 'మొగుడు' కొట్టేసి, పైన 'తమ్ముడు' అని రాశాడు.

పదకొండేళ్ళలో గరగర గారు కాగితం మీదున్న ముక్కకి ఎదురు చెప్పి ఎరగడు. గాడిదలా ఓండ్ర పెట్టమంటే, ఏ శ్రుతిలో అని మాత్రమే అడిగిన మనిషి. అలాంటి వాడికి ఆ ఎర్రసిరా చూడగానే ఒళ్ళు మండిపోయింది. తన ఇంటి అబద్ధాన్ని ఎవడో తనకే రాసిచ్చి, గట్టిగా చదవమన్నట్టుంది.

"తమ్ముడని నేను అననండి," అన్నాడు మైకులో.

అద్దం అవతల మేనేజరు ఉలిక్కిపడ్డాడు. "అదేమిటి మాస్టారూ! పిల్లలు చూస్తారు కదా?"

"కిందటి వారం ఈ గడ్డపాయన్నే ఫిరంగిలో కుక్కి పేల్చాం. అదీ పిల్లలే చూశారు."

"అది వేరు. అది హాస్యం."

"సరే, తమ్ముడనే అంటాను. ఆఖర్న ఆ తమ్ముడికి ఉంగరం తొడిగి, మూతి మీద ముద్దెట్టుకుంటాడే, దాన్నేమందాం?"

మేనేజరు అంతవరకు బొమ్మ చూడలేదు. కాగితం చూసే కొట్టేశాడు. కాసేపు గడ్డం గోక్కుని, "పోనీ బావ అందాం," అన్నాడు.

సౌండు చూసే అమ్మాయి దగ్గింది. "సార్, మా అక్క చేసుకుంది బావనే."

చివరికి మేనేజరు రాజీమార్గం తీశాడు. "గొడవెందుకు, రెండూ చెప్పండి. మీదొకటి, నాదొకటి. పైవాళ్ళు ఏది కావాలంటే అది ఉంచుతారు."

ఈ వృత్తిలో అదొక ఆచారం. అనుమానమున్న ముక్కని రెండు రకాలుగా చెప్పించుకుంటారు. రెండో దాన్ని సేఫ్టీ టేకు అంటారు. రెండూ చేతిలో ఉన్నప్పుడు ప్రసారమయ్యేది ఎప్పుడూ సేఫ్టీయే. మొదటిది కళాకారుడి ఆత్మశాంతికి.

గరగర గారు నిటారుగా నిలబడ్డాడు. బొమ్మ కదిలింది. "ఈయన నా మొగుడు. రాసుకో!" అన్నాడు, బొమ్మ పెదవికి తన పెదవి కుదిరేలా, గోడలు అదిరేలా. హెడ్‌ఫోన్లు తీసి కొక్కేనికి తగిలించాడు.

"బాబాయ్, సేఫ్టీ?" అంది అమ్మాయి.

"లేదమ్మా. మొదటిదే చివరిది."

"అయితే సోమవారం నుంచి రానక్కర్లేదు!" అని అరిచాడు మేనేజరు. "సీరియల్లో గాడిదకి గొంతిచ్చే అతన్ని పిలిపించి మొత్తం మళ్ళీ చెప్పించుకుంటాను!"

"పిలిపించుకోండి," అని గరగర గారు మెట్లు దిగిపోయాడు.

సాయంత్రం కోట జయించిన సేనాపతి ఠీవితో ఇల్లు చేరి, జరిగినదంతా, తాను అనని రెండు మంచి జవాబులు కూడా కలిపి చెప్పాడు. మెకానిక్కు కంటికున్న భూతద్దం తియ్యకుండా, చేతిలో గడియారం కింద పెట్టకుండా విన్నాడు.

"బావుంది. బొమ్మల మొగుడి కోసం ఉద్యోగం వదిలొచ్చావు. మరి నేనెవర్నోయ్? కింద రిజిస్టరులో ఇంకా మీ పినతండ్రి కొడుకునేగా?"

"అప్పట్లో... ఇల్లివ్వరని..."

"ఇల్లిచ్చి పంతొమ్మిదేళ్ళయింది. మీ పినతండ్రి కూడా పెద్దవాడైపోయుంటాడు పాపం. ఇక వదిలెయ్యి ఆయన్ని."

సేనాపతికి ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే కింది వాటాలో ఉండే మేడ సంఘం సెక్రటరీ పిన్నిగారి తలుపు తట్టాడు. ఆవిడ పూర్వం డ్రాయింగు టీచరు. రిజిస్టరులో గీతలన్నీ స్కేలు పెట్టి తనే గీసింది.

"పిన్నిగారూ, రిజిస్టరు ఒకసారి ఇవ్వండి. మా వాటాలో తప్పుంది."

"నా చేత్తో రాసిన దాంట్లో తప్పా? ఏం తప్పు నాయనా?"

"ఆయన మా పినతండ్రి కొడుకు కాదు."

"మరి?"

నూట నలభై మంది సైనికుల్ని సాగనంపిన మనిషి, ఎదురుగా లేని మైకు కోసం వెతుక్కున్నాడు. నిన్న ఇదే ముక్క అద్దాల గదిలో ఎంత తేలిగ్గా వచ్చింది! అక్కడ చెప్పింది గడ్డపాయన. ఇక్కడ చెప్పాల్సింది తను.

"నా మొగుడు. రాసుకోండి."

పిన్నిగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "నలుగురూ ఏమనుకుంటారయ్యా?"

"నాలుగంతస్తులున్నాయి కదండీ. తలో అంతస్తూ తలో మాటా అనుకోమనండి."

"ఇల్లు ఖాళీ చెయ్యమంటే?"

"చెయ్యం."

"నేను మాత్రం రాయను బాబూ."

"అయితే పెన్నివ్వండి."

పెన్ను తీసుకుని, పినతండ్రి కొడుకుని అడ్డంగా కొట్టేసి, పక్కన 'మొగుడు' అని తాటికాయంత అక్షరాలతో రాశాడు.

"అయ్యయ్యో, గడి దాటించేశావు! పేజీ అంతా పాడుచేశావు కదయ్యా!" అని పిన్నిగారు నెత్తి కొట్టుకుంది. ఆవిడ చేసిన అభ్యంతరాల్లో గుండెలోంచి వచ్చింది అదొక్కటే.

మధ్యాహ్నం మేనేజరు ఫోను చేశాడు. గాడిద గొంతతను వచ్చాడట. 'తమ్ముడు' అని పదిహేడుసార్లు చెప్పాడట. ప్రతిసారీ అద్దం అవతలి అమ్మాయి, "పెదవులు కుదర్లేదు సార్, ఇంకోసారి," అందట. పద్దెనిమిదోసారికి అతని గొంతు బొంగురుపోయి మూతపడింది. ఇంతలో ఛానెల్‌కి కాపీ పంపే గడువు దాటింది.

"మీదే పంపాల్సొచ్చింది. సోమవారం రండి. కానీ ఇది మీరు గెలిచినట్టు కాదు మాస్టారూ!"

"కాదండి. ఉన్నమాట చెప్పినట్టు, అంతే," అన్నాడు గరగర గారు.

యుద్ధం ఇప్పుడే మొదలవుతుందని ఆయనకి తెలుసు. ఇంట్లో ఇద్దరూ సన్నద్ధులయ్యారు. నాలుగో అంతస్తు వకీలు పలకరింపు మానేస్తే, వీళ్ళు మెట్ల మీద ఆయనకి ఇంకాస్త గట్టిగా నమస్కారాలు పెట్టారు. తల్లిదండ్రుల సంఘాలకనీ, పత్రికలకనీ, పెద్దమనుషులకనీ గరగర గారు మూడు జవాబులు రాసుకుని, అద్దం ముందు గొంతు మార్చి మార్చి సాధన చేశాడు. ఐదువందల పన్నెండో భాగం గురువారం ఉదయం పదకొండింటికి ప్రసారమైంది.

ఆ వారం ఛానెల్‌కి వచ్చిన ఫిర్యాదు ఒక్కటే: ప్రకటనలప్పుడు టీవీ శబ్దం పెరిగిపోతోందని.