టీచరమ్మ గారు మాట్లాడించిన బొమ్మలు

మంగళవారం పొద్దున్న మా ఊరి చర్చి గంట ఆగి ఆగి మోగింది. ఆరాధనకైతే గబగబా కొడతారు. ఇలా దెబ్బకీ దెబ్బకీ మధ్య ఊపిరి తీసుకున్నట్టు మోగితే ఎవరో పోయినట్టు. నేను అరుగు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాను. పాలు పోసే ఆవిడ గేటు దగ్గరే ఆగిపోయి, "టీచరమ్మ గారండి" అంది. సగం గీసిన గడ్డంతోనే వెళ్ళాను.

ఆవిడ నాకు మూడో తరగతి చెప్పారు. ఎనభై దాటి కొన్నేళ్ళయింది. పెళ్ళి చేసుకోలేదు. కాకినాడలో నర్సుగా చేస్తున్న మేనకోడలు తప్ప దగ్గరివాళ్ళు లేరు. నేను కాలవ లాకుల దగ్గర లస్కరుగా చేసి రిటైరయ్యాను. పైనుంచి ఫోనొస్తే తలుపులు ఎత్తడం, మళ్ళీ ఫోనొస్తే దించడం. నోటితో పెద్ద పని లేని ఉద్యోగం. నాలాంటివాడు పత్రికకి రాయడమేంటని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపిస్తోంది. కానీ ఊరుకోలేకపోతున్నాను.

సమాధిలో మట్టి వేశాక మేనకోడలు నా పక్కకి వచ్చి నిలబడింది.

"మీరు రోజూ వచ్చేవారటగా బాబాయ్ గారూ. అత్త చెప్పేది. కళ్ళు పోయాక మీరే తోడయ్యారు."

"కళ్ళు పోవడమేంటమ్మా?" అన్నాను.

ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. "నీటికాసులండి. రెండేళ్ళు దాటింది. మనిషి నీడలాగా ఆనేవాడు. వెలుతురు తెలిసేది. అక్షరం మాత్రం కనపడేది కాదు. మీకు తెలీదా?"

నాకు తెలీదు. ఆ రెండేళ్ళూ రోజూ మధ్యాహ్నం మూడింటికి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ భూతద్దం పెట్టి ఇంగ్లీషు చదివి తెలుగులో చెబుతుంటే, నేను రాశాను. అక్షరం కనపడని మనిషి చదివింది ఏంటి? నేను రాసినవి ఎవరి మాటలు? సమాధి దగ్గర నుంచి ఇంటికి నడుస్తుంటే ఇదే. ఇప్పటికీ ఇదే.

మేము చేసే పనేంటో ముందు చెప్పాలి.

టీచరమ్మ గారికి బొమ్మల కథలంటే ప్రాణం. నీతి కథలు కావు. రాకెట్లు, వేరే గ్రహాల మనుషులు, ముసుగేసుకుని ఎగిరేవాళ్ళు. ఉద్యోగంలో ఉన్నప్పుడే నిడదవోలులో రైలెక్కి వెళ్ళి, రాజమండ్రి పేవ్‌మెంటు మీద పాత ఇంగ్లీషు కామిక్సులు ఏరుకొచ్చేవారు. బొమ్మల్లో మనుషుల నోటి దగ్గర మాటల బుడగలుంటాయి కదా. ఒక్కో బుడగ మేరకీ తెల్లకాగితం కత్తిరించి, దాని మీద తెలుగులో రాసి, మైదా ఉడకేసిన జిగురుతో అంటించేవారు. వారమంతా లెక్కలు తప్పు లేకుండా చేసినవాళ్ళకి శనివారం ఆ పుస్తకం చేతికిచ్చేవారు. నాకు లెక్కలు వచ్చింది అందువల్లే.

ఆ పుస్తకాల్లో అందరూ మనలాగే మాట్లాడేవారు. పట్నం మొత్తాన్ని బూడిద చేసే యంత్రం పక్కన నిలబడి దుర్మార్గుడు, "మీరు తప్పుకుంటే మంచిదండి" అనేవాడు. రెక్కలున్న హీరో పైనుంచి దిగి, "తప్పుకోనండి" అనేవాడు. మేము ఆ హీరోని రెక్కలాయన అనేవాళ్ళం. పెద్దయ్యాక ఓసారి అడిగాను, దుర్మార్గుడు కూడా అండి అంటాడేంటండీ అని.

"మీ ఇంజనీరుకి కోపమొస్తే ఏమంటాడు?"

"మీరు రేపటి నుంచి రానక్కర్లేదండి, అంటాడు."

"భయమేసిందా లేదా?"

"వేసిందండి."

"మరి!"

రెక్కలాయన్ని ఆవిడ పెద్దగా మెచ్చుకునేవారు కాదు. "గుండు తగిలినా నొప్పి లేని మనిషికి ధైర్యంతో పనేముందిరా? చూడు, ఈ గుమస్తా మెట్లు దిగి వీధిలోకొచ్చాడు. ధైర్యం ఇతనిది" అని బొమ్మ అడుగున వేలెడంత మనిషిని చూపించేవారు. ముసుగు గురించి ఇంకో మాట. "అది శత్రువుల కోసం కాదు. తెల్లారితే మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాలిగా. ఆ ఆఫీసులో వాళ్ళ కోసం." అప్పుడు నవ్వాను.

ఐదారేళ్ళ కిందట రాజమండ్రి హాల్లో తెలుగులోకి మార్చిన సూపర్ హీరో సినిమా ఒకటి ఆడితే తీసుకెళ్ళమన్నారు. చుట్టూ కాలేజీ పిల్లలు. నేను తల వంచుకుని కూర్చున్నాను. ఆవిడ విశ్రాంతిలో పాప్‌కార్న్ అడిగి తెప్పించుకున్నారు. బయటికొచ్చాక చెవులు రుద్దుకుంటూ, "బాగానే ఎగిరాడు గానీ గళ్ళు లేవురా. ఆలోచించుకునే సందు లేదు" అన్నారు.

గళ్ళంటే బొమ్మల గళ్ళు. గడికీ గడికీ మధ్య సన్నటి తెల్ల సందు ఉంటుంది, మీరూ చూసుంటారు. ఆవిడకి అదంటే చాలా ఇష్టం. "ఈ గడిలో తలుపు బయట నిలబడ్డాడు. ఆ గడిలో ఇంట్లో ఉన్నాడు. తలుపు ఎవరు తీశారు?" అని అడిగారు ఓసారి.

"బొమ్మలో లేదండి."

"నువ్వే తీశావురా. తలుపులు తియ్యడం నీకు అలవాటేగా."

నేను రిటైరైన కొన్నాళ్ళకి కబురు పెట్టారు. "నా చెయ్యి వణుకుతోంది. నీ దస్తూరీ గుండ్రంగా ఉండేది. నేను చదివి చెబుతాను, నువ్వు రాసి అంటించు" అన్నారు. మా రోజుల్లో ఇంగ్లీషు ఆరో తరగతిలో మొదలయ్యేది. నేను ఐదుతో ఆపేశాను. ఏ బి సి డిలు తెలుసు, కూడబలుక్కోవడం రాదు. అలా కుదిరింది.

కొన్నాళ్ళకి ఒక కొత్త పద్ధతి పెట్టారు. ముందు నేను బొమ్మ చెప్పాలి, తర్వాతే ఆవిడ చదువుతారు. "నువ్వెలా చూస్తావో వినాలి" అన్నారు. మళ్ళీ మూడో తరగతి అనుకున్నాను.

"ఊరి మీద పెద్ద పెద్ద మిడతలు పడ్డాయండి. ఒకాయన పరిగెడుతున్నాడండి."

"ఎలాగ? బస్సు కోసమా, కుక్క తరిమితేనా?"

"కుక్క తరిమినట్టేనండి. వెనక్కి చూస్తున్నాడు."

"మూలన ఎవరైనా ఉన్నారా?"

"ఒక ముసలావిడండి. సంచీ పట్టుకునుంది."

"పారేసిందా?"

"లేదండి. గుండెలకి హత్తుకుంది."

"అదీ! ఇంతేసి మిడతలు ఊరి మీద పడినా సంచీ వదల్లేదు. ఆవిడకీ ఒక మాట ఇద్దాం. రాసుకో. నా కూరగాయలు నలిగిపోతాయి, తప్పుకోండి బాబూ."

తర్వాత భూతద్దం పేజీ మీద పెట్టి నెమ్మదిగా జరిపేవారు. ఒకచోట ఆపేవారు. పెదాలు కదిలేవి. అప్పుడు చెప్పేవారు. రోజుకి మాట్లాడేది పది మాటలు దాటని నేను, ఆ గంటలో మనుషుల చొక్కాల రంగులు, మబ్బులు, బూట్లకంటిన దుమ్ము కూడా చెప్పేవాణ్ణి. మా ఇంట్లోవాళ్ళు వింటే నమ్మరు.

ఒకరోజు పుస్తకం తలకిందులుగా పట్టుకున్నారు. నేను చెయ్యి చాపి తిప్పి పెట్టాను. "చూస్తున్నావో లేదో అని" అని నవ్వారు. నేనూ నవ్వాను.

ఇక చెప్పుకోవలసింది చెబుతాను.

ఈ ఎండాకాలం టీ కొట్టు దగ్గర నా సంచీ జారి పుస్తకం కిందపడింది. అట్ట మీద రెక్కలాయన. కొట్టు ముందు బెంచీ మీద ఎరువుల షాపాయన కూర్చునున్నాడు. తీసి అందరికీ చూపించాడు.

"ఏంటండీ లస్కరు గారూ, ఎగరడం నేర్చుకుంటున్నారా?"

"మనవడికండి" అన్నాను.

"మీ మనవడు ఇంజనీరింగు అన్నారుగా!"

బెంచీ అంతా నవ్వింది. "టీచరమ్మ గారికి పెద్దతనం వల్ల చాదస్తం. ఈయనకేమొచ్చిందండీ?" అన్నాడు ఇంకొకాయన. ఆవిడకి చాదస్తం లేదు అని నేను అనాలి. అనలేదు. టీ సగంలో పెట్టేసి వచ్చేశాను.

మర్నాడు మూడింటికి వెళ్ళలేదు. ఆ మర్నాడూ లేదు. ఇరవై రోజులు ఆవిడ వీధి తప్పించి కాలవ గట్టు మీద నుంచి తిరిగాను. పాలావిడ చేత అడిగించారు, ఒంట్లో ఎలా ఉందని. జ్వరమని చెప్పించాను.

ఆఖరికి ఉండబట్టలేక వెళ్ళాను. ఆవిడ అదే కుర్చీలో, అదే పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. ఎందుకు రాలేదని అడగలేదు. చెప్పుల చప్పుడుకే తల తిప్పి, "ఎక్కడున్నాం మనం?" అన్నారు.

ఆ కథలో ఒకావిడ రాకెట్లో ఎక్కడో దూరపు గ్రహం చుట్టూ తిరిగే చందమామ మీద దిగుతుంది. రాకెట్టు పాడైపోతుంది. ఆవిడ ఉన్న వైపు ఎండ పడదు. ఇక్కడ భూమ్మీద ఒకాయన రేడియో సెట్టు ముందు కూర్చుని ఆవిడతో మాట్లాడుతుంటాడు. మేము ఆపింది ఆ పేజీలోనే.

బొమ్మ చెప్పాను. "అంతా నలుపండి. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చునుంది. చేతులు ముందుకి చాపింది."

టీచరమ్మ గారు భూతద్దం పెట్టారు. పేజీ చివరిదాకా జరిపి, మళ్ళీ వెనక్కి తెచ్చారు. తర్వాత చెప్పారు.

"రాసుకో. ఇక్కడ ఏమీ కనపడటం లేదండి. మీ గొంతు వింటేనే నేనెక్కడున్నానో నాకు తెలుస్తోంది. మొన్న మీరు మాట్లాడటం ఆపేశారు. భయమేసిందండి. ఆపకండి."

"బుడగ చిన్నదండి. ఇంత పట్టదు" అన్నాను.

"చిన్న అక్షరాలు రాయి."

రాసి అంటించాను. పక్క గడిలో రేడియో ఆయన నోరు తెరిచి ఉన్నాడు. అది కూడా చెప్పాను. ఆవిడ భూతద్దం ఎత్తలేదు.

"ఇతనేమంటాడురా?"

"మీరే కదండీ చదవాలి."

"నువ్వయితే ఏమంటావు?"

జిగురు గిన్నె దగ్గరికి లాక్కున్నాను. తలెత్తలేదు. "నాకేం తెలుసండి" అన్నాను.

"సరే. ఖాళీ చీటీ అంటించు. తర్వాత చూద్దాం."

ఖాళీ చీటీ అంటించాను. తర్వాత రెండు రోజులూ ఆవిడకి నీరసం, పని సాగలేదు. మూడో రోజు చర్చి గంట మోగింది.

పోయినవాళ్ళ ఇంట్లో చర్చివాళ్ళు జరిపే ఆదరణ కూటం అయ్యాక మేనకోడలు పుస్తకాల పెట్టె నాకిచ్చింది. ఆఖరి పుస్తకం పైనే ఉంది. తెరిచేసరికి జిగురు ఎండిపోయి, నేను చిన్న అక్షరాలతో రాసిన ఆ చీటీ ఊడి నా ఒళ్ళో పడింది. కింద ఇంగ్లీషు.

"ఏముందమ్మా అక్కడ?"

ఆ అమ్మాయి వంగి చదివింది. "రెండో ట్యాంకు మూత తెరవాలి, అంటోందండి."

"ఇంకా?"

"అంతేనండి."

చీటీ చదవమని చేతికిచ్చాను. చదువుతూ చదువుతూ కుర్చీలో కూర్చుండిపోయింది. కాసేపటికి పక్క గడిలో తెల్లగా ఉన్న చీటీ మీద వేలు పెట్టి, "దీని కింద ఏముందో చూడమంటారా?" అంది. నేను అరచెయ్యి అడ్డం పెట్టాను. "వద్దమ్మా."

రెండేళ్ళు. ఆవిడకి కనపడలేదు, నాకు ఇంగ్లీషు చదవడం రాదు. ఎన్ని పుస్తకాలు! నేను చూసింది చెబితే, అందులోంచి ఆవిడ అల్లి చెప్పారన్నమాట. రెక్కలాయన చేతా, ముసలావిడ చేతా, మోకాళ్ళ మీద కూర్చున్న ఆవిడ చేతా పలికించింది టీచరమ్మ గారే. ఒక్కసారి మాత్రం తన మాట చెప్పారు. నేను బుడగలో పట్టదన్నాను.

ఇంటికొచ్చాక ఆ ఖాళీ చీటీ మీద రాద్దామని వారం రోజులు ప్రయత్నించాను. పెన్ను తెరవడం, మూయడం. ఒకరోజు తట్టింది. రాస్తే ఎవరు చదవాలి? ఆవిడ చదివేవారు కాదు. వినేవారు.

నిన్న పుస్తకం సంచీలో కాకుండా చేత్తో పట్టుకుని, టీ కొట్టు ముందు నుంచే సమాధుల తోటకి వెళ్ళాను. ఎవరో ఏదో అన్నారు. సరిగ్గా వినపడలేదు. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. పూలదండలు ఎండిపోయాయి. గోడ పక్కన ఇద్దరు ఆడవాళ్ళు గడ్డి కోసుకుంటున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనుకున్నాను. వాళ్ళు వెళ్ళేలా లేరు.

పేజీ తెరిచాను.

"రేడియో ఆయనండి. చొక్కా చేతులు మడిచాడు. సెట్టు మీదకి వంగాడు. నోరు తెరిచాడు" అన్నాను. ఆవిడకి వినపడేలా లేదనిపించింది. మళ్ళీ అన్నాను.

తర్వాత ఆయన మాట చెప్పాను. "వినపడిందండి. జ్వరం అబద్ధమండి. సిగ్గేసి రాలేదు. ఇప్పుడు వచ్చానండి."

"ఎవరితోనే ఆయన మాటలు?" అంది గడ్డి కోసేవాళ్ళలో ఒకావిడ. రెండో ఆవిడ కొడవలి ఆపి చూసింది. నేను గొంతు తగ్గించలేదు. పేజీ తిప్పాను. అక్కడి నుంచి చీటీలు లేవు. అన్నీ ఇంగ్లీషు బుడగలే. బొమ్మ చెప్పాను.

"ఆవిడ తలెత్తిందండి. పైనంతా నలుపే. మూలన చిన్న తెల్ల చుక్క ఉందండి. దగ్గరికొస్తోందో, దూరంగా పోతోందో తెలీటం లేదండి."