జేజి పెరట్లో ఎవరి చెట్టు వాళ్ళదే

నిన్న పొద్దున గ్రైండర్‌లో దోసెల పిండి రుబ్బుతున్నాను. చిన్నాయన ఫోన్ చేశాడు.

"అమ్మ పోయిందిమ్మా" అన్నాడు. 

నాకు ఏం చేయాలో తోచలేదు. పిండి మెత్తగా అయ్యేదాకా గ్రైండర్ దగ్గరే నిలబడ్డాను. తీసి ఫ్రిజ్‌లో పెట్టాను. గ్యాస్ కట్టేశాను. కడపలో బయలుదేరిన కారు మైదుకూరు దాటాక గానీ ఏడుపు రాలేదు.

మా నాయనమ్మ. మేమందరం జేజి అనే పిలిచేవాళ్ళం.

ఇప్పుడు బేతంచెర్లలో ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఒళ్ళంతా నొప్పులు. నిన్నటి నుంచి వచ్చేవాళ్ళు వస్తున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు. అయినా రాలేకపోయిన మనవాళ్ళ కోసం ఇవాళే రాయాలనిపించింది.

ఈ ఇల్లు చూసినవాళ్ళకు పెరడు గుర్తుండే ఉంటుంది.

బేతంచెర్లలో ఎవరింటికి పోయినా వాకిలి నుంచి వెనక గోడ దాకా బండలు పరిచి ఉంటాయి. గనులున్న ఊరు, రాయికి కొదవ లేదు. జేజి మాత్రం పెరట్లో ఒక్క బండ వేయనివ్వలేదు.

గడ్డపార వేస్తే రాయి తగిలే నేల అది. పెళ్ళయిన కొత్తలో పుట్టింటి నుంచి బండ్లలో నల్లరేగడి మన్ను తెప్పించి పోయించిందట. "అందరి పెండ్లాలు సారె తెచ్చుకుంటే మీ జేజి మన్ను తెచ్చుకునింది" అని తాత ఎగతాళి చేసేవాడు.

మన్ను సరే, నీళ్ళు? ఎండాకాలంలో ట్యాంకర్ వస్తేనే నీళ్ళు. అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టింది.

ఇంట్లో మనిషికొక చెట్టు. అన్నం తిన్నాక ఎవరి చెట్టు మొదట్లో వాళ్ళు చెంబుతో చేయి కడగాలి. కుళాయి కింద కడిగితే ఊరుకునేది కాదు.

చిన్నాయనది దానిమ్మ. మా తమ్ముడిది జామ. నాది మల్లె. కోడలు ఇంట్లో అడుగుపెట్టిన రోజే ఆమె చెట్టు ఏదో చూపించేది.

మా తమ్ముడి భార్య వచ్చిన కొత్తలో పాపం మరిచిపోయి, తన గోరింట వదిలేసి నా మల్లె దగ్గర చేయి కడిగింది. జేజి అరుగు మీద నుంచే చూసింది.

"అది మా మనమరాలి మల్లెమ్మా. దాన్ని నువ్వు సాకుతాంటే నీ గోరింట ఎవురింటికి పోవాల?"

ఆ పిల్ల ఇంకో చెంబు తీసుకొని పరుగెత్తింది. ఇప్పటికీ తలుచుకొని నవ్వుకుంటాం.

ప్రతి చెట్టు వెనకా ఊరి సంగతులు ఉండేవి. గోరింట కొమ్మ పక్కింటి ఖాసింబీ పెద్దమ్మ వాళ్ళమ్మ ఇచ్చింది. ఆ మాట మొదలుపెడితే, ఏ గుట్ట దగ్గర ముందు రాయి తీశారు, లారీలు లేనప్పుడు ఎద్దుల బండ్ల మీద స్టేషన్‌కు బండలు ఎలా చేర్చేవాళ్ళు, అప్పటి మీటర్‌గేజి చిన్న రైలు ఎంత నిదానంగా పోయేది... అన్నీ వచ్చేవి. మా చెంబులో నీళ్ళు అయిపోయేవి. ఆమె మాటలు అయిపోయేవి కావు.

తనకు మాత్రం సీతాఫలం పెట్టుకుంది. అదే ఎందుకని ఒకసారి అడిగాను.

"నేను ఆఖర్న తింటా. చెంబులో ఎన్ని మిగుల్తాయో ఏమో. నీళ్ళు అడగని చెట్టు సాలు నాకు" అంది.

పోయిన వానాకాలం ఆ పెరటి బురదలోనే కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. మళ్ళీ మంచం దిగలేదు.

చిన్నాయనకు ఆ పెరడంటేనే కోపం పుట్టింది. ఆయనను అనడానికి లేదు. రోజూ ఎత్తి కూర్చోబెట్టి అన్నీ చూసుకున్నది ఆయన, పిన్ని. చెట్లు కొట్టేసి పెరడంతా పరిపిస్తానని బండలు దింపించాడు.

జేజి మంచం మీద నుంచి ఒకటే అడిగింది. "నేనుండేదాకా ఆగప్పా."

ఆయన ఆగాడు. బండలు గోడకు ఆనించి పెట్టాడు. పడుకున్న జేజికి కిటికీలో నుంచి అవే కనిపించేవి.

పోయినసారి నేను వచ్చినప్పుడు చేయి పట్టుకొని, తన సీతాఫలం అట్లనే ఉండాదా అని అడిగింది. ఉంది జేజీ అన్నాను. ఇంకెన్నాళ్ళుంటుందో నాకూ తెలియదు.

మా నాయన లేడు కాబట్టి నిన్న కొరివి చిన్నాయనే పెట్టాడు.

మగవాళ్ళు తిరిగొచ్చేసరికి కాళ్ళు కడుక్కోవడానికి గేటు దగ్గర గంగాళం నిండా నీళ్ళు, చెంబులు పెట్టాను. అక్కడే కడుక్కొని లోపలికి రావాలి.

చిన్నాయన చెంబు ముంచుకున్నాడు. తడి పంచెతో, ఎవరినీ చూడకుండా, పెరట్లోకి నడిచి దానిమ్మ మొదట్లో కాళ్ళు కడుక్కున్నాడు.

ఆయన వెనకే మా తమ్ముడు జామ దగ్గరికి.

ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అలవాటైన కాళ్ళు అటే పోయాయి.

కడుక్కున్నాక కూడా చిన్నాయన చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. 

సాయంత్రం ఖాసింబీ పెద్దమ్మ అన్నం, పప్పు పంపింది. అందరికీ వడ్డించి ఆఖర్న తిన్నాను. చెంబు తీసుకొని మల్లె దాకా పోయి ఆగాను. నిన్నంతా సీతాఫలం దగ్గరికి ఎవరూ పోలేదు.

అక్కడికి పోయి చేయి కడిగాను.

ఈ పొద్దున బండలు పరిచే మేస్త్రీ పలకరించడానికి వచ్చాడు. కాసేపు కూర్చుని, గోడ వైపు చూసి, దినాలు అయినాక పని పెట్టుకుందామా అని మెల్లగా అడిగాడు.

చిన్నాయన తల ఎత్తలేదు.

"ఎవురికన్నా ఇచ్చేయప్పా వాటిని. ఈడ మేము చేతులు కడుక్కోవాల."



జేజీ, అందరూ తిన్నారు. నీ చెట్టుకు నీళ్ళు పోశాను.

ఇంక నువ్వు నిమ్మళంగా పడుకో.