జమ్మలమడుగు బస్సు

ప్రొద్దుటూరు బస్టాండులో చివరి బెంచీ కిందే చౌడమ్మ సంసారమంతా. పొద్దున్నే కొళాయి దగ్గర మొహం కడుక్కుని, నున్నగా తల దువ్వి, సంచి మూతి కట్టి ఒళ్లో పెట్టుకుని ప్రయాణికురాలిలా కూర్చుంటుంది. ఊరికే కూర్చుంటే లేపేస్తారు, బస్సు కోసం కూర్చుంటే ఎవరూ లేపరు. వాచ్‌మన్ గంగాధర్ అడిగితే, "జమ్మలమడుగు పోవల్లప్పా, టిక్కెట్టుకు దుడ్లు చాలలే" అంటుంది. "రెండేండ్ల నుంచి పోతానే ఉండా, ఇంగా బెంచీ దాటలే" అని తనలో తాను నవ్వుకుంటుంది.

ఆడవాళ్లకు బస్సు ఉచితమన్న రోజు గంగాధర్ సంబరంగా వచ్చాడు. "ఇంక దుడ్లతో పనిల్యా, పా అవ్వా" అని సంచి అందుకుని, ఆమెను బస్సెక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. వద్దంటే అబద్ధం బయటపడుతుంది. 'అబద్ధమాడినదానికి కిటికీ సీటు గూడా ఇచ్చిరే' అనుకుంది చౌడమ్మ. కండక్టరుకు ఆధార్ కార్డు చూపించింది. అందులో ఇప్పటికీ ఆమెకు ఇల్లుంది. జమ్మలమడుగులో దిగి కాసేపు నిలబడింది. అక్కడ ఎవరూ లేరు, తెలిసిన బెంచీ కూడా లేదు. ఎదురుగా కనబడిన ప్రొద్దుటూరు బస్సే ఎక్కింది.

"అప్పుడే వచ్చేస్తివే అవ్వా? అందరూ బాగుండారా?" అన్నాడు గంగాధర్.

"బాగుండారప్పా. నాల్గు దినాలు ఉండమనే అనిరి. నాకే ఇల్లు ఇడ్చిపెట్టి ఉండబుద్ధి కాలే" అంటూ చౌడమ్మ సంచిని బెంచీ కిందికి తోసింది.